అటక మీద తుపాకి

మా ఇంట్లో ఒక తుపాకి ఉంది. కంగారు పడకండి. అది పేలదు. పేలదు గాక పేలదు. ఎందుకంటే దాన్ని తయారు చేసింది నేనే!

వంట చెయ్యడం, నవలలు రాయడం తప్ప మరో విద్య తెలియని దాన్ని, నలభై దాటాక ఈ తుపాకుల తయారీలోకి ఎలా దిగానా అని మీకు అనుమానం రావచ్చు. ఆ ముచ్చటే చెబుతాను. మొదలు పెట్టినప్పుడు అది కొయ్య ముక్కల గొడవే. తీరా అందులో దిగాక అది నన్ను చెయ్యి పట్టుకుని 1757వ సంవత్సరంలోకి లాక్కుపోయింది.

మా పిల్లల స్కూల్లో వార్షికోత్సవానికి 'బొబ్బిలి యుద్ధం' నాటకం వేస్తామన్నారు. ఇంట్లో ఒకటే సంబరం. మా అత్తగారిది బొబ్బిలి దగ్గర పల్లె. బుర్రకథ వాళ్ళ నోట ఆ కథ వింటూ పెరిగిన మనిషి. మనవడికి రంగారావు వేషమో, తాండ్ర పాపారాయుడి వేషమో ఇచ్చి తీరతారని ఆవిడ నమ్మకం. మీసాలు దిద్దడానికి కాటుక భరిణె కూడా వెతికి పెట్టుకున్నారు. సాయంత్రం మా వాడు మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"నాది బుస్సీ దొర సైన్యంలో సైనికుడి వేషం. మాటలు లేవు. తుపాకి పట్టుకుని నిలబడాలి" అన్నాడు.

"శత్రువుల పక్షమా!" అన్నారు మా అత్తగారు, కాటుక భరిణె మూత టక్కున పెట్టేసి.

అయిదో తరగతి చదివే మా అమ్మాయి కోటలో ఉన్న పిల్లల్లో ఒకత్తి. దానికీ మాటల్లేవు. "వందల పేజీలు మాటలు రాసే మనిషివి. నీ పిల్లలిద్దరికీ కలిపి ఒక్క మాటైనా దొరకలేదా?" అని మావారు వేళాకోళం.

వేషాలు సరే, తుపాకి ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలట. బజారంతా తిరిగాను. నొక్కితే ఎర్ర దీపాలు వెలుగుతూ టకటక మోగేవి ఉన్నాయి. నీళ్ళు చిమ్మేవి ఉన్నాయి. అంతరిక్షంలోంచి దిగొచ్చినట్టున్నవి కూడా ఉన్నాయి. బుస్సీ దొర సైనికుడు పట్టుకోదగ్గది మాత్రం ఒక్కటీ లేదు. దుకాణం కుర్రాడు "అన్నీ ఒకటే కదమ్మా, తుపాకి తుపాకే" అన్నాడు. ఆ మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది. నవలలో చీర రంగు పొరపాటున మారిపోతేనే పాఠకురాళ్ళు నన్ను ఊరుకోరు. పద్దెనిమిదో శతాబ్దపు సైనికుడి చేతిలో ఎర్ర దీపాల తుపాకి పెడితే చరిత్ర ఊరుకుంటుందా?

"మనమే చేద్దాం" అన్నాను.

"పోలీసులు పట్టుకుపోతారేమో చూసుకో" అన్నారు మావారు.

ఆయన హాస్యానికి అన్నా, నేను చూసే చూశాను. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ఉంది. లైసెన్సు లేకుండా ఉత్తుత్తి తుపాకిని అసలు తుపాకిగా మార్చకూడదని అందులో ఉంది. ఉత్తుత్తిదే అయినా దాన్ని చూపించి అరెస్టు తప్పించుకోవాలని చూస్తే అదీ నేరమే. మాకు ఆ రెండు ఉద్దేశాలూ లేవు కాబట్టి ధైర్యంగా పని మొదలెట్టాం. ముందు జాగ్రత్తగా ఒక నియమం మాత్రం పెట్టుకున్నాను. మా తుపాకికి గొట్టం ఉండదు. గొట్టంలా కనిపించే నిండు కర్రే ఉంటుంది. బోలు అనేదే లేకపోతే ఏ బెంగా లేదు.

పని మొదలెట్టే ముందు అసలు ఆనాటి తుపాకి ఎలా ఉండేదో తెలియాలి కదా. పుస్తకాలు ముందేసుకుని కూచున్నాను. ముందు ఆ పేరు దగ్గరే ఆగిపోయాను. తుపాకి మన మాట కాదు. తురుష్క భాషనుంచి నడిచొచ్చిన మాట. బందూకు అరబ్బీనుంచి వచ్చింది. అక్కడ 'బుందుక్' అంటే ఒక రకం గింజ. గుండు ఆ గింజంత ఉంటుందని ఆ పేరు. ఇక ఫిరంగి అయితే పరంగివాడి పేరే. వాడినీ వాడి ఆయుధాన్నీ మనవాళ్ళు ఒకే మాటతో పిలిచేశారు. మనం సొంతంగా ఇచ్చిన మాట ఒకటుంది, అది 'మందు'. జ్వరానికి వేసుకునేదీ మందే, పొలానికి చల్లేదీ మందే, తుపాకిలో దట్టించేదీ మందే. ప్రాణం నిలబెట్టేదానికీ తీసేదానికీ మన భాషలో ఒకే పేరు!

ఆ రోజుల్లో మన నేల మీద రెండు రకాల తుపాకులు కనిపించేవి. ఒకటి వత్తి తుపాకి. సురేకారంలో నానబెట్టి ఆరబెట్టిన నూలు తాడు దానికి వత్తి. అది అగరువత్తిలా కొస నిప్పుతో నెమ్మదిగా కాలుతూ ఉంటుంది. మీట నొక్కితే వత్తిని పట్టుకున్న కొక్కెం వంగి, పక్కనున్న చిన్న పళ్ళెంలోని మందుకి నిప్పు తగిలిస్తుంది. ఆ మంట ఓ సన్నని రంధ్రం గుండా గొట్టంలోకి పోయి గుండును తోస్తుంది. మన జమీందార్ల సైనికుల దగ్గర ఎక్కువగా ఉండేవి ఇవే. దీంతో వచ్చిన చిక్కల్లా వాన. నాలుగు చినుకులు పడితే వత్తి ఆరిపోతుంది. చీకట్లో పొంచి ఉందామంటే ఆ నిప్పు కణికే మనిషిని పట్టిస్తుంది.

రెండోది చకుముకి తుపాకి. పదిహేడో శతాబ్దం మొదట్లో ఫ్రాన్సు దేశంలో రూపు దిద్దుకుంది. దీనికి వత్తి అక్కర్లేదు. రెండు దవడల మధ్య చకుముకి రాయి బిగించి ఉంటుంది. మీట నొక్కగానే అది ఎదురుగా ఉన్న ఉక్కు రేకుని కొడుతుంది. రవ్వలు రాలి పళ్ళెంలో పడతాయి. అగ్గిపెట్టెలు లేని రోజుల్లో మన పల్లెల్లో పొయ్యి రాజేసుకున్న చకుముకి సంగతే ఇది కూడా! రాయిని పట్టుకునే ఆ కొక్కెం ఇంగ్లీషువాళ్ళ కళ్ళకి తల వంచి పొడిచే కోడిపుంజులా కనిపించింది, ఆ పేరే పెట్టారు. హిందీవాళ్ళకి గుర్రంలా కనిపించింది, 'ఘోడా' అన్నారు. ఎవరి పెరట్లో ఏది తిరుగుతుంటే అది కనిపిస్తుంది కాబోలు.

బుస్సీ సైన్యంలోని ఫ్రెంచివాళ్ళవి చకుముకి తుపాకులు. నిలువునా అయిదడుగుల పొడుగు, నాలుగున్నర కిలోల దాకా బరువు. మా వాడి పొడుగే అయిదడుగులు లేదు. అందుకని దాన్ని నాలుగడుగులకు కుదించాను. పాత కేలెండర్ల వెనక వైపు అంటించి, నేలమీద పరిచి, అసలు కొలతకి బొమ్మ గీశాను. జాకెట్టు కత్తిరింపుకి కాగితం మీద గీసుకోవడం మనకి అలవాటే కదా, అదే విద్య ఇక్కడా పనికొచ్చింది.

కర్ర పనికి మా వీధి చివర వడ్రంగి బాబాయిని బతిమాలాను. ఆయన బొమ్మ చూసి, తల గోక్కుని, "ఇదేటమ్మా, వీణ గీశారనుకున్నాను" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. కాని ఆ మాట అబద్ధం కాదు. సన్నని పొడుగాటి మెడ, కింద బరువుగా ఒంపు తిరిగిన మడమ. బొబ్బిలి వీణలు ఒకే పనస దుంగలోంచి తొలుస్తారు. ఐరోపాలో తుపాకి కర్రని అక్రోటు దుంగలోంచి తొలిచేవాళ్ళు. కొయ్యకేం తెలుసు, తనని భుజానికి ఆన్చి పేలుస్తారో, ఒళ్ళో పెట్టుకుని వాయిస్తారో!

మాకు పనసా లేదు, అక్రోటూ లేదు. మూడు ప్లైవుడ్ పలకలు జిగురుతో అతికించి, రాత్రంతా వాటి మీద రుబ్బురోలు పొత్రం బరువు పెట్టాం. తెల్లారి బాబాయి రంపంతో కోసి, చిత్రిక పట్టి ఇచ్చాడు. మిగతా నునుపు ఆకురాయితోనూ, గరుకు కాగితంతోనూ నేనే తీశాను. రెండు రోజులు మా ఇంట్లో సాంబారులో కూడా రంపపు పొడి రుచి వచ్చిందని మావారి ఫిర్యాదు. గొట్టానికి పాత కర్టెన్ కర్ర. దాని కొసని బాబాయి చిన్న గుంట మాత్రం చేశాడు. నల్లరంగు పూస్తే దూరానికి బోలుగానే కనిపిస్తుంది. కర్రకీ గొట్టానికీ పట్టీలు బిస్కట్ల రేకు డబ్బాలోంచి కత్తిరించినవి. కింద కూరే కడ్డీ బదులు ఒక గొడుగు కమ్మి.

అసలు కష్టమల్లా ఆ కోడిపుంజు దగ్గర వచ్చింది. రేకుతో చేస్తే బొత్తిగా బొమ్మలా ఉంది. అప్పుడు కొండపల్లి బొమ్మలవాళ్ళు జ్ఞాపకం వచ్చారు. వాళ్ళు పొణికి కర్రతో చెక్కిన ముక్కలని అతకడానికి, పైన మెరుగులు దిద్దడానికి చింతపిక్కల పిండీ రంపపు పొడీ కలిపి 'మక్కు' అని తయారు చేస్తారు. నేనూ చింతపిక్కలు వేయించి, పొట్టు తీసి, దంచి, ఉడికించి ముద్ద చేశాను. లోపల తీగ పెట్టి, పైన ముద్దతో కోడిపుంజు మెడ, దవడలు, మర చుట్లు దిద్దాను. ఎండలో పెడితే రాయిలా బిగిసింది. దవడల మధ్య పెరట్లో దొరికిన గులకరాయి. నల్లరంగు ఆరాక దాని మీద పెన్సిలు ములుకు పొడి బట్టతో రుద్దితే, అబ్బ, అచ్చం పాత ఇనుమే! కర్రకి మూడు పూతలు కాఫీ డికాక్షన్, పైన వార్నీషు.

ఏడో రోజు సాయంత్రం తుపాకి తయారైంది. మా అత్తగారు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంత పనితనం ఆవకాయలో చూపిస్తే ఎంత బావుండును" అన్నారు. మెచ్చుకున్నట్టే లెక్క.

ఇక కవాతు. చేతిలో తుపాకి ఉంటే చాలదు, పట్టుకోవడం రావాలి కదా. పుస్తకంలో చదివిన ప్రకారం మా వాడికి చెప్పాను. మందూ గుండూ కలిపి చుట్టిన కాగితం పొట్లం నడుముకున్న సంచిలోంచి తియ్యాలి. కొసని పళ్ళతో కొరకాలి. పళ్ళెంలో చిటికెడు పొయ్యాలి, మూత వెయ్యాలి. తుపాకిని నిలబెట్టి మిగతాది గొట్టంలో పొయ్యాలి. గుండుతో సహా కాగితం కుక్కాలి. కడ్డీ తీసి కూరాలి, మళ్ళీ కడ్డీ యథాస్థానంలో పెట్టాలి. భుజానికెత్తాలి, కోడిపుంజుని పూర్తిగా వెనక్కి లాగాలి, మీట నొక్కాలి. ఉత్త కాగితం పొట్లాలతో మా వాడికి మొదటిసారి నిమిషం పైన పట్టింది. రెండు రోజులు సాధన చేశాక అర నిమిషంలోకి వచ్చాడు. ఆరితేరిన సైనికుడు నిమిషానికి రెండు మూడు సార్లు పేల్చేవాడట.

"మధ్యలో ఎవరైనా వచ్చి పొడిచేస్తేనో?" అన్నాడు మా వాడు.

నిజమే. సినిమాల్లో తుపాకి తియ్యగానే ఎదుటి మనిషి పడిపోతాడు. అసలు తుపాకికి అంత సీను లేదు. నూరు గజాలు దాటితే ఆ గుండు ఎటు పోతుందో పేల్చినవాడికే తెలీదు. అందుకే వరసలుగా నిలబడి, అందరూ ఒక్కసారి పేల్చేవారు. రాయి అరిగితే రవ్వ రాదు, మందు తడిస్తే మంట రాదు. ఏడు రోజులు చేతులు కాయలు కాసేలా పనిచేసిన నాకు బాగా అర్థమైన సంగతి ఒకటుంది. ఇంత నిదానపు యంత్రం ఒక రాజ్యాన్ని తనంతట తాను కూల్చలేదు. దాన్ని ఇంటి గుమ్మం దాకా పిలుచుకొచ్చిన వాళ్ళెవరో ఉండి తీరాలి.

ఎవరు పిలిచారు? ఆ కథ మీకూ తెలిసిందే. అయినా మరొక్కసారి చూద్దాం. 1753 చివర హైదరాబాదు నిజాము సలాబత్ జంగు ఉత్తర సర్కారులని ఫ్రెంచివాళ్ళకి అప్పగించాడు. ఆ సర్కారుల వ్యవహారం చక్కబెట్టుకోవడానికి బుస్సీ 1756 చివర ఇటు బయలుదేరాడు. విజయనగరం ప్రభువు పూసపాటి విజయరామరాజుకీ, బొబ్బిలి రంగారావుకీ ఎంతో కాలంగా పడదు. పక్క పక్క రాజ్యాలు. నీళ్ళ దగ్గర తగువు, హద్దుల దగ్గర తగువు. బొబ్బిలి అడవిలో కొందరు సిపాయిల మీద దాడి జరిగితే, అది రంగారావు చేయించిందేనని విజయరామరాజు బుస్సీని నమ్మించాడు. బొబ్బిలి వదిలిపెడితే బదులు వేరే చోట భూమి ఇస్తామన్నారు. తాతల నాటి కోట వదలనన్నాడు రంగారావు. 1757 జనవరి 24న ఫిరంగులు బొబ్బిలి మట్టి గోడల మీద పడ్డాయి.

ఇరుగుపొరుగు గోడ తగువులోకి మూడో మనిషిని పిలిస్తే ఏమవుతుందో మన వీధుల్లో మనం చూస్తూనే ఉంటాం. అక్కడా అదే అయింది. గెలిచిన విజయరామరాజు మూడో రాత్రి తన గుడారంలోనే బొబ్బిలి వీరుల చేతిలో హతమయ్యాడు. ఆ పని చేసినవాడిగా తాండ్ర పాపారాయుడు మన జనం నాలుకల మీద నిలిచిపోయాడు. విజయరామరాజు తర్వాత వచ్చిన ఆనందరాజు ఫ్రెంచివాళ్ళ మీద కోపంతో ఇంగ్లీషువాళ్ళని పిలిచాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్ళు ఓడిపోయారు. 1759 ఏప్రిల్లో మచిలీపట్నం కోట కూడా ఇంగ్లీషువాళ్ళ పరమైంది. నీళ్ళ తగువు తెచ్చిన తంటా ఎంత దూరం పోయిందో చూడండి.

ఈ సంగతులన్నీ బుర్రలో తిరుగుతుండగా రిహార్సలు చూడ్డానికి స్కూలుకి వెళ్ళాను. తుపాకిని పాత నేతచీరలో చుట్టి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఆటోలో పట్టుకుపోయాను. నాటకం బాగానే నడుస్తోంది. రంగారావు పద్యంలాంటి మాటలు చెబుతున్నాడు. పాపారాయుడు తొడ కొడుతున్నాడు. అంతలో కోట లోపలి రంగం వచ్చింది. కోట నిలవదని తేలింది. రాణి మల్లమ్మదేవీ, ఆడవాళ్ళూ, పిల్లలూ చేతులు జోడించి, చిరునవ్వుతో తెర వెనక్కి నడిచి వెళ్ళిపోయారు. వెనక మంటల వెలుగు. టేప్‌లో పాట. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఇంటికొచ్చేటప్పుడు మా అమ్మాయి అడిగింది.

"అమ్మా, మమ్మల్ని ఎవరు చంపుతారు? ఫ్రెంచివాళ్ళా?"

"కాదమ్మా. శత్రువుల చేతికి చిక్కకూడదని కోటలోని వాళ్ళే..."

"అంటే నాన్నవాళ్ళా?"

నేను మాట్లాడలేదు.

"మరి మమ్మల్ని అడిగారా?" అంది.

వెనక కూచున్న మావాడు తుపాకిని అటునుంచి ఇటు మార్చుకున్నాడు. ఆటోవాడు కూడా అద్దంలోంచి ఓసారి చూశాడు. ఏం చెప్పను? చిన్నప్పటినుంచీ ఎన్నిసార్లు విన్న కథ! 1964లో వచ్చిన సినిమాలో భానుమతిని మల్లమ్మదేవిగా చూసి ఏడ్చిన తరం మా అత్తగారిది. టీవీలో వేసినప్పుడల్లా చూసి ఏడ్చిన తరం నాది. ఆ ఏడుపులో మాకెవ్వరికీ తట్టని ప్రశ్న ఇది.

ఆ రాత్రి రాబర్ట్ ఓర్మ్ రాసిన చరిత్ర తీశాను. ఆయన ఈస్టిండియా కంపెనీ కొలువులో మద్రాసులో పనిచేసినవాడు. ఆ కాలపు యుద్ధాలన్నీ సేకరించి పద్దెనిమిదో శతాబ్దంలోనే పుస్తకంగా రాశాడు. కోట నిలవదని తేలాక రంగారావు తనవాళ్ళని పిలిచి తన నిశ్చయం చెప్పాడనీ, వాళ్ళు ఒప్పుకుని ఎవరి ఇంటికి వాళ్ళు వెళ్ళి ఆ పని చేసి, తిరిగి వచ్చి గోడల మీద పోరాడి చచ్చిపోయారనీ ఉంది. గోడ ఎక్కిన సైనికులని అడ్డుకోబోయిన రంగారావు తుపాకి గుండు తగిలి పడిపోయాడట. ఆ వాక్యం దగ్గర నా చేతులు చూసుకున్నాను. గోళ్ళలో ఇంకా పెన్సిలు పొడి ఉంది.

ఆ తర్వాత రాసినది చదివి మరీ ఆశ్చర్యపోయాను. గెలిచిన సైన్యం కోట నడిబొడ్డుకి వచ్చింది. అక్కడ చూసిన దృశ్యానికి వాళ్ళకి గెలిచామన్న సంతోషమే లేకుండా పోయిందట. ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడిపోయారు. ఎంత కఠినుడికైనా కన్నీళ్ళు ఆగలేదట. అప్పుడు ఒక ముసలాయన ఓ పసివాణ్ణి తీసుకొచ్చి, ఫ్రెంచి దళాధిపతి లా దొరకి అప్పగించాడు. ఆ పసివాడు రంగారావు కొడుకు. తండ్రి ఇష్టానికి విరుద్ధంగా ఆ బిడ్డని తాను దాచి కాపాడానని ఆ ముసలాయన చెప్పాడు. బుస్సీ ఆ బిడ్డని ఆదరించి, తండ్రికి ఇవ్వజూపిన భూమిని అతనికే ఇచ్చాడు. బొబ్బిలి వంశం మిగిలిందంటే ఆ బిడ్డవల్ల. బిడ్డ మిగిలాడంటే, అందరూ ఒకే మాట మీద ఉన్న రోజున ఒక్క మనిషి ఆ మాట వినకపోవడంవల్ల.

పాపారాయుడికి బుర్రకథలున్నాయి. రంగారావు మీద దిట్టకవి నారాయణకవి 'రంగరాయ చరిత్రము' కావ్యం రాశాడు. వేదం వెంకటరాయశాస్త్రిగారు నాటకం రాశారు. బొబ్బిలిలో 1891లో ఎత్తిన స్తంభం ఉంది. ఓర్మ్ పుస్తకంలో ఈయన మాత్రం ఉత్త 'ముసలాయన'. చేతిలో కత్తి లేదు, తుపాకి లేదు. ఉన్నదల్లా బిడ్డ.

పొద్దున్నే మా అత్తగారికి ఇదంతా చదివి వినిపించాను. ఆవిడకి కోపం వస్తుందేమోనని భయపడ్డాను. బొబ్బిలి పౌరుషం అంటే ఆవిడకి ప్రాణం. చాలాసేపు మాట్లాడలేదు. బియ్యంలో రాళ్ళేరుతూనే ఉన్నారు. చివరికి, "వాళ్ళ పౌరుషాన్ని మనం ఇవాళ వంటింట్లో కూచుని తప్పు పట్టలేమమ్మా. ఆ రోజు ఆ గోడల మధ్య మనం లేం. కాని ఆ ముసలాడికి దణ్ణం పెట్టాలి" అన్నారు.

ఆ మాటే పట్టుకుని టీచరుగారి దగ్గరికి వెళ్ళాను. "చరిత్రని మార్చలేం కదండీ" అన్నారావిడ. "మార్చొద్దండీ. ఉన్నదే, మనం వదిలేసింది ఒక్క రంగం కలుపుదాం" అన్నాను. పుస్తకం ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడా ఇద్దరు పిల్లల తల్లే. మర్నాడు ఫోను చేసి సరేనన్నారు.

వార్షికోత్సవం రోజున నాటకం చివర ఇలా జరిగింది. పాట ఆగిపోయింది. ఫ్రెంచి సైనికులు తుపాకులు ఎక్కుపెట్టి రంగం మీదికి వచ్చారు. ఎదురుగా ఎవరూ లేరు. వాళ్ళు అటూ ఇటూ చూసి అలాగే నిలబడిపోయారు. తెర పక్కనుంచి పత్తి గడ్డం అంటించుకున్న ఒక కుర్రాడు, పసివాడి వేషంలో ఉన్న మా అమ్మాయి చెయ్యి పట్టుకుని నెమ్మదిగా నడిచి వచ్చాడు. ముందు వరసలో ఉన్న మా వాడు తుపాకిని భుజం మీదనుంచి దించి, మడమ నేలకి ఆన్చి, టోపీ తీశాడు. టోపీ తియ్యమని ఎవరూ చెప్పలేదు. వాడంతట వాడే తీశాడు.

చప్పట్లు వెంటనే రాలేదు. కాసేపటికి వచ్చాయి. నా పక్కన మా అత్తగారు కొంగుతో కళ్ళొత్తుకుంటూ, "మన వాడు శత్రుపక్షమైనా బాగానే చేశాడు" అన్నారు.

ఏడు రోజులు కష్టపడి, చింతపిక్కలు దంచి, గోళ్ళు అరగదీసుకుని తయారు చేసిన తుపాకి ఆ రోజు ఒక్కసారీ పేలినట్టు నటించలేదు. వాడు దాన్ని దించిన ఆ క్షణం కోసమే నేను చేశాననిపించింది.

ఇప్పుడది అటక మీద ఉంది. ఏ నాటకానికైనా కావాలంటే అరువిస్తాం. ఒక్కొక్కప్పుడు ఎండాకాలంలో మాత్రం కిందికి దిగుతుంది. మేడ మీద వడియాలు పెట్టినప్పుడు మా అత్తగారు దాన్ని ఒళ్ళో పెట్టుకుని, గొడుగు నీడన కూచుంటారు. కాకులు బొత్తిగా లెక్క చెయ్యవు గాని, కోతులు మాత్రం అది నిజం తుపాకే అనుకుంటున్నాయి.